కొలిచి పెట్టు కబళము

జ్వరపడి లంఖణములు చేసిన మనుష్యునకు జ్వరము విడిచిన నాడే విస్తరి నిండ వడ్డించు ఆచారము మన తెలుగునాట ఏ యింటను లేదు. మొదటి దినమున పలుచని జావ, మఱునాడు మెత్తగ వండిన పాతబియ్యపుటన్నములో చారు, ఆపైన బీరకాయయో పొట్లకాయయో వేసిన చప్పిడికూర, ఈ విధముగ మెట్టుమెట్టుగ పథ్యము పెట్టుచు వచ్చిన మన పెద్దలు, శరీరశాస్త్రమును చదివినవారు కాకపోయినను, బహుదినములు పస్తున్న దేహము అన్నమును వెంటనే భరింపజాలదను సత్యమును అనుభవముచేత ఎఱిగియుండిరి. ఆ పెద్దల యింటనే పుట్టిన మనము, ఎముకలగూడై గోడవార తూలుచు నడచు కుక్క నొకదానిని వీథిలో చూచినప్పుడు మాత్రము, ఆ వివేకమునంతయు మఱచి, ఇంటిలోనున్న పాలు, రొట్టెలు, బిస్కెట్టు పొట్లములు, రాత్రి మిగిలిన అన్నము, అన్నింటిని ఒక్కమారుగ దాని ముందు కుమ్మరింతుము. అది ఆబగ తినును. చూచుచున్న మనకు కన్నులు చెమర్చును. ఒక ప్రాణిని నిలిపితిమను తృప్తితో ఇల్లు చేరుదుము. మూడవనాడో నాలుగవనాడో అది చచ్చిపడియున్నదని విని, పాపము, మనము చూచునప్పటికే దాని పని అయిపోయినదని సరిపెట్టుకొందుము. అట్టి మరణములలో కొన్నింటికైనను కారణము ఆకలి గాక, ఆకలి తీర్చిన తీరే యని చెప్పుట నాకు బాధగనే యున్నది. కాని చెప్పక తప్పదు. ఈ యొక్క విషయము తెలిసిన గృహస్థు వీథికొకడున్నను ఎన్నియో మూగప్రాణములు నిలుచును.

ఆహారము లేని దేహము తన్ను తాను తినుచు బ్రదుకును. కాలేయములో నిలువయుండు గ్లైకోజెన్ అను పిండిపదార్థము ఒకటి రెండు దినములలో తీరిపోవును. అటుపిమ్మట కొవ్వు కరగ నారంభించును. దానినుండి పుట్టు కీటోను పదార్థములతో మెదడు మొదలగు అవయవములు తమ పని నడుపుకొనును. కొవ్వు తఱిగినకొలది కండలు కరగును. తొడలమీది కండ, కణతలమీది కండ, తుదకు గుండెకండ సైతము సన్నగిల్లును. ప్రేవుల లోపలిపొర పలుచబడును, జీర్ణరసములు తగ్గును, ఒంటివేడి పడిపోవును, రోగములను ఎదిర్చు శక్తి క్షీణించును. ప్రతి యవయవమును తన వ్యయమును కుదించుకొని, ఉన్నంతలో ప్రాణమును నిలుపుటకు పెనగులాడును. ఈ కుదింపులో మన కంటికి కనబడని యపాయ మొకటి దాగియున్నది. ఫాస్ఫేటు, పొటాషియము, మెగ్నీషియము అను లవణములు కణములలో అడుగంటుచున్నను, నెత్తురులో మాత్రము వాని పరిమాణము చాలకాలము సరిగనే యున్నట్లు కనబడును. మొదటి దినపు రక్తపరీక్షను మాత్రమే నమ్ముకొన్న వైద్యుడు సైతము మోసపోవచ్చును. థయామిన్ అనబడు బి1 విటమిను దేహములో నిలువయుండునదే స్వల్పము. అది అప్పటికే హరించిపోయియుండును.

ఇట్టి దేహములోనికి పిండిపదార్థము సమృద్ధిగ ప్రవేశించినచో, అంతవరకు అణగియుండిన ఇన్సులిన్ ఒక్కమారుగ ఉబికివచ్చును. చక్కెరను కణములలోనికి పంపుట దాని పని. ఆ చక్కెరతో కూడ నెత్తురులోని ఫాస్ఫేటును, పొటాషియమును, మెగ్నీషియమును కణములు లాగికొనగా, నెత్తురులో ఆ లవణములు హఠాత్తుగ పడిపోవును. ఫాస్ఫేటు చాలక ఎఱ్ఱకణములు పగిలిపోవును, ఊపిరిని నడుపు కండలు సడలును. పొటాషియము, మెగ్నీషియము తఱిగి గుండె లయ తప్పును. మిగిలిన పిసరు థయామిన్ చక్కెరను దహించుటకే ఖర్చయి నాడీమండలము దెబ్బతినును. వైద్యులు దీనిని రీఫీడింగ్ సిండ్రోమ్ అందురు. వేసవి పొడుగునను ఎండి నెఱ్ఱెలు విచ్చిన డెల్టా కాలువకు లాకులెత్తి ఒక్కమారుగ నీరు వదలినచో గట్లు తెగునని ఎఱిగిన మన రైతులకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. తొలినీటిని కొంచెము కొంచెముగ వదలి, నేల తడిసి గట్లు నానిన పిమ్మటనే మట్టము పెంచుదురు.

ఈ జ్ఞానము మానవజాతికి మిక్కిలి వెలపెట్టి లభించినది. 1945 ఏప్రిల్ 15వ తేదీన బ్రిటిష్ సేనలు జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నిర్బంధశిబిరములో ప్రవేశించినప్పుడు, అచట కొనయూపిరితోనున్న వేలకొలది జనులను చూచి కరగిపోయిన సైనికులు తమ రేషను డబ్బాలలోని కొవ్వుమాంసమును వారికి పంచిపెట్టిరి. విముక్తిని కన్నులార చూచినవారిలో ఎందరో ఆ తిండిని తాళలేక మరణించిరి. తరువాత అచటి వైద్యులు ప్రయత్నించిన ఆహారములలో బెంగాల్ ఫామిన్ మిక్స్చర్ అనునది యొకటి. 1943 నాటి వంగదేశపు కఱవులో మన జనులకొఱకు రూపొందిన, పాలపొడియు చక్కెరయు కలిసిన మిశ్రమ మది. తీపి మిక్కుటమై బెల్సెన్ రోగులలో పలువురు దానిని త్రాగలేకపోయిరి. ఆ కాలముననే అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున యాన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, 36 మంది యువకులను వారి సమ్మతితోనే 24 వారములు అర్ధాకలిలో నుంచి, ఆపైన వారికి ఆహారమును క్రమక్రమముగ పెంచుచు, వారి దేహమునందును మనస్సునందును కలిగిన మార్పులనెల్ల వ్రాయించెను. 1950లో ఆ వివరములు రెండు బృహత్సంపుటములుగ వెలువడినవి. నేడు పశువైద్యశాలలో ఒక యూరకుక్క ముందు పెట్టబడు తొలి కబళపు కొలత వెనుక ఇంతటి మానవదుఃఖము కలదని తలచినప్పుడు, ఆ కొలతను ఉపేక్షించుటకు నాకు చేయి రాదు.

ఇక ఆచరణ. అట్టి కుక్కను ఇంటికి తెచ్చుటకు ముందు, అది యెందుచేత చిక్కినదో చూడవలెను. దవడ వ్రేలాడుచు, చొంగ కార్చుచు, నీరు మ్రింగలేక యున్న కుక్క ఆకలిచేతనే అట్లున్నదని భ్రమింపరాదు. అది రేబిస్ కావచ్చును. దాని నోటిలో ఏమి ఇరుకుకొన్నదో చూతమని చేయి పెట్టుట ప్రాణాంతకము. ఇట్టి సేవకు పూనుకొనువారు ముందుగనే రేబిస్ టీకాలు వేయించుకొనియుండుట మంచిది. ఐనను కాటు గాని గోటిగాటు గాని తగిలినచో, పుండును పదునైదు నిమిషములపాటు పాఱు నీటిలో సబ్బుతో కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. ఇంటిలో మఱియొక కుక్క యున్నచో క్రొత్తగ వచ్చినదానిని వేఱు గదిలో నుంచవలెను. పార్వో, డిస్టెంపరు అను వ్యాధులు ఒకదానినుండి మఱియొకదానికి సులువుగ ప్రాకును.

పశువైద్యుని దగ్గఱకు ఆ దినముననే తీసికొనిపోవలెను. ఆరోగ్యముగల కుక్క ఒంటివేడి 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు వఱకు నుండును. పస్తులతో చిక్కినదానికి అది అంతకంటె చాల క్రిందికి దిగియుండును. చల్లబడిన దేహములో ప్రేవులు కదలవు గనుక, ముందు దుప్పటి కప్పి, గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన పెట్టి, వేడి తెప్పించిన పిమ్మటనే తిండి మాట. నీటిని కూడ తొట్టినిండ పెట్టక కొద్దికొద్దిగ త్రాగింపవలెను. గ్లూకోజు నీళ్లు పట్టుట మన వీథులలో పెద్ద వాడుక. నెత్తురులో చక్కెర పడిపోయిన పిల్లకుక్కకు అది ప్రాణదానమే కావచ్చును గాని, పెద్దకుక్కకు పైన చెప్పిన యుత్పాతమును తెచ్చిపెట్టునది అదియే. కావున ఆ నిర్ణయము వైద్యునకే విడువవలెను. తిండికి ముందే థయామిన్ సూదిమందు వేయించుటయు, మొదటి కొలది దినములలో ఫాస్ఫేటు, పొటాషియము కొలతలను మఱల మఱల చూపించుటయు ముఖ్యము. స్నానము చేయింపరాదు. ఎంత మురికిగ నున్నను కొన్నాళ్లు ఓర్చుకొనవలసినదే. చిక్కిన దేహము తడిసినచో నిముషములలో చల్లబడిపోవును.

ఎంత పెట్టవలెనను ప్రశ్నకు ఒక లెక్క కలదు. ప్రాణి కదలక పడియున్నప్పుడు దానికి కావలసిన శక్తి దాని బరువుతో పాటు సమానముగ పెరుగదనియు, ఒక నిర్ణీతమైన ఘాతము ననుసరించి పెరుగుననియు 1932లో మాక్స్ క్లైబర్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. దానిని మనము ఇంటిలో కట్టుకొనవచ్చును. కుక్క బరువును కిలోలలో తీసికొని, దానిని దానిచేతనే రెండుమారులు హెచ్చవేసి, వచ్చినదానికి వర్గమూలమును, ఆ మూలమునకు మఱల వర్గమూలమును కట్టి, 70 చేత హెచ్చవేయవలెను. ఎనిమిది కిలోల కుక్కకు 8 × 8 × 8 = 512; రెండుమారులు మూలము కట్టగా సుమారు 4.76, దానిని 70 చేత హెచ్చవేయగా సుమారు 333 కేలరీలు. ఈ కుక్క ఆరోగ్యముగ నున్ననాడు పదునైదు కిలోలు తూగెడిదే కావచ్చును; అయినను తొలివారమున లెక్క నేటి బరువునకే గాని నిన్నటి బరువునకు కాదు. అందులోను మొదటి దినమున పెట్టవలసినది నాలుగవ వంతు, అనగా ఎనుబది కేలరీలకు కొంచెము పైన. ఎముకయు చర్మమును తీసి ఉడికించిన కోడిమాంసమైనచో ఏబది గ్రాములు. గ్రుడ్డైనచో ఒకటియు, పైన ఒక చిన్న మాంసపు ముక్కయు. దానిని సైతము ఒకేసారి పెట్టక ఆఱు భాగములు చేసి, రాత్రింబవళ్లు నాలుగేసి గంటల కొకమారు పెట్టవలెను. ఏ యుపద్రవమును లేనిచో రెండవనాడు సగము, మూడవనాడు ముప్పాతిక, నాలుగవనాడో అయిదవనాడో పూర్తి కొలత. మిక్కిలి చిక్కినదానికి ఇంకను నెమ్మదిగ పెంచుమని వైద్యులు చెప్పుదురు.

ఈ కొలత పాటించుట ఎంత కష్టమో పాటించినవారికే తెలియును. మూఢము వచ్చి పెండ్లిండ్లు ఆగిపోయిన కాలమున, ఒక కల్యాణమండపము వెనుక దొరికిన ఆడుకుక్క యొకటి మా యింట కొంతకాలము ఆశ్రయము పొందినది. ఎంగిలివిస్తళ్లమీదనే బ్రదుకుచుండిన ఆ ప్రాణికి విస్తళ్లు లేని నెలలు వచ్చిపడినవి. అందులోను అది అంతకుముందే ఈని, పిల్లలకు పాలిచ్చి, ఆ పిల్లలను పోగొట్టుకొన్నది. గిన్నెలో నాలుగు మాంసపు ముక్కలు వేసి నేను చేయి తీసికొనుచుండగా, పొరుగింటి పెద్దామె గోడమీదినుండి చూచి సహింపలేకపోయిరి. "ఏవిటి నాయనా, డొక్కలెండిపోయిన కుక్కకి ఆ చెంచాడు ముక్కలేనా పెట్టేది? ఇంత అన్నంలో పాలు పోసి కలిపి కడుపునిండా పెట్టరాదూ? మూగజీవి ఉసురు తగులుతుంది సుమా!" అనిరి. ఆ మాటలో నిండిన దయకు నేను నొచ్చుకొనలేదు. "లంఖణం చేసినవాళ్లకి పథ్యం పెడుతున్నట్టే, పిన్నిగారూ. నాలుగు రోజులు ఆగితే మీ చేత్తోనే అన్నం పెడుదురుగాని" అంటిని. మఱి వివరింప బనిలేకపోయినది. "మా తాతయ్యగారికి సన్నిపాతజ్వరం వచ్చినప్పుడు మా బామ్మ ఇలాగే గరిటెతో కొలిచి జావ పోసేది" అని ఆమెయే చెప్పుకొనిరి. నాటినుండి వీథిలో ఎవరైన ఆ కుక్కకు బిస్కెట్టు విసరబోయినచో వారించునది ఆమెయే. ఆ కుక్క మాత్రము గిన్నెను నాకి నాకి, నావంక చూచి, మఱల గిన్నెను నాకుచుండెడిది. చేతిలో తిండి యుండియు పెట్టకపోవుట నాకంతవఱకు తెలియని దుఃఖము.

రెండవదినము మొదలుకొని అయిదవదినము వఱకు నుండు కాలము గండము. విషాదమేమనగా, కుక్క తెప్పరిల్లినట్లు, తోకయాడించినట్లు, లేచి నిలువబోయినట్లు కనబడునది ఆ దినములలోనే. కన్నార్పక చూడవలసిన గుర్తులు కొన్ని కలవు: నిన్న నిలిచినది నేడు నిలువలేకపోవుట, కాళ్లు వణకుట, మెడ వ్రేలవేయుట, ఊపిరి వేగమగుట, పాదములు నీరుపట్టుట, మూత్రము ఎఱ్ఱగనో కాఫీరంగుగనో దిగుట, మూర్ఛ. ఇందులో ఏది కనబడినను, అర్ధరాత్రమైనను, వైద్యునికి తెలుపవలెను. తిండి తగ్గించి, లవణములను సెలైను ద్వారా ఎక్కించుట ఆసుపత్రిలో కాగల పని. విరేచనములు పలుచనగుట మాత్రము చాల సామాన్యము. ప్రేవులు మఱల పని నేర్చుకొనుచున్నవని దాని యర్థము. నెత్తురు పడనంతవఱకు, నీరసము పెరుగనంతవఱకు, దానికి బెదరనక్కరలేదు.

అన్నమును గూర్చి ఒక మాట. వరియన్నము కుక్కకు విషమని నేడు కొందఱు చెప్పు మాట సరికాదు. తోడేళ్లనుండి విడివడి మనుష్యుల పొలముల చెంత బ్రదుకనేర్చిన కుక్కలకు పిండిపదార్థమును జీర్ణించుకొను జన్యువుల ప్రతులు హెచ్చుగ నున్నవని 2013లో ప్రకటితమైన పరిశోధన తేటపఱచినది. మన యూరకుక్కల తరతరములు గంజిమీదను, చద్దిమీదను పెరిగినవే. అయితే ఇన్సులిన్‌ను రేపునది పిండిపదార్థమే గనుక, తొలివారమున మాంసకృత్తులును కొవ్వును ప్రధానముగ నుండి, అన్నమును బిస్కెట్లును దూరముగ నుండుట మేలు. గండము గడచిన పిమ్మట కొంచెము కొంచెముగ అన్నమును, పెరుగును చేర్చవచ్చును. పాలకంటె పెరుగు సుకరము; పాలలోని చక్కెర అరుగక చాల కుక్కలకు విరేచనములు పట్టును. కూరలోని ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురుకణములను చెఱచును; అప్పటికే నెత్తురు చాలని కుక్కకు మన మసాలాకూర కలిపిన ముద్ద పెట్టుట దయ కాజాలదు. ఉడికిన ఎముకలు చీలి ప్రేవులలో గ్రుచ్చుకొనును. వట్టి కోడిమాంసముతోనే నెలలు గడపినచో కాల్షియము చాలక ఎముకలు మెత్తనగును గనుక, నిలద్రొక్కుకొన్న పిమ్మట సమతులమైన ఆహారమునకు మార్చవలెను. పిల్లకుక్కలకై అమ్ము గింజలను నానబెట్టి పెట్టుట ఈ దశలో అనుకూలము.

చిక్కిన కుక్క లోపల సాధారణముగ మఱికొన్ని ప్రాణులు కాపురముండును. కొంకిపురుగులు ప్రేవులను కఱచిపట్టి నెత్తురు పీల్చును. చిగుళ్లు పాలిపోయి తెల్లబాఱియుండుటకు అవి యొక కారణము. పిడుదులు, కొన్ని సీమలలో గోమార్లనబడునవి, నెత్తురు త్రాగుటతో నూరకుండక ఎర్లిచియా, బబీసియా అను జ్వరములను అంటించును. మన యుష్ణదేశమున ఇవి మిక్కిలి మెండు. ఎర్లిచియాకు డాక్సీసైక్లిన్ మాత్రలను నాలుగు వారములు విడువక వేయవలెను. జ్వరము తగ్గినదని మధ్యలో మానుట తగదు. గజ్జిలో సార్కొప్టిస్ జాతిది మనుష్యులకును అంటును గనుక చేతితొడుగులు వాడవలెను. నులిపురుగుల మందు, సూదులు, ఆపరేషను, టీకాలు, అన్నింటిని తొలినాడే ముగింతమనెడి ఉత్సాహము ఈ దేహమునకు భారము. ఏది ముందు, ఏది వెనుక అను క్రమమును వైద్యుడు నిర్ణయించును. కుటుంబనియంత్రణ ఆపరేషను అన్నింటికిని చివర, కండ పట్టిన పిమ్మట.

దేహముకంటె మెల్లగ కోలుకొనునది మనస్సు. మిన్నెసోటా యువకులు చదువుకొన్నవారు, తమ యిష్టముతో ఆ పరీక్షకు వచ్చినవారు. అట్టివారే నెలల యాకలి తరువాత పళ్లెములను నాకిరి, రాత్రింబవళ్లు తిండిని గూర్చియే తలపోసిరి, వంటపుస్తకములను ప్రోగుచేసిరి. ఇక తిండి యెప్పుడు వచ్చునో తెలియని ప్రాణి సంగతి చెప్పనేల? గిన్నెకు చేరువైనచో గుర్రుమనుట, రొట్టెముక్కను పరుపు క్రింద దాచుట, నమలక మ్రింగి కక్కి మఱల తినుట, ఇవి దుర్గుణములు కావు. ఆకలి నేర్పిన జాగ్రత్తలు. యజమాని యెవరో తెలియవలెనని తినుచున్న కుక్క ముందు గిన్నెను లాగుట మన యిండ్లలో కొందఱు చేయుపని. దానికంటె క్రూరమైనది, అపాయకరమైనది మఱియొకటి లేదు. దూరముగ నొక మూలలో పెట్టి, తిననిచ్చి, పిల్లలను ఆ దరికి పోనీయక, దానికి నమ్మకము చిక్కిన పిమ్మట అప్పుడప్పుడు నడచుచు గిన్నెలో ఇంకొక ముక్క వేసి పోవలెను. మనుష్యుడు చేరువగుట అనగా తిండి పోవుట కాదు, వచ్చుట అని అది నేర్చుకొనును. ఈ పాఠమునకు గడువు పెట్టుటకు వీలులేదు. దాని కన్నులలోనికి తేఱిపాఱ చూడక, ప్రక్కగ కూర్చుండి, పుస్తకము చదువుకొనుచు కాలము గడపుట నేనెఱిగిన ఉత్తమమైన ఔషధము.

వృద్ధిని కంటితో గాక కాటాతో చూడవలెను. ఇంటి తూకపుయంత్రముమీద కుక్కనెత్తుకొని నిలిచి, పిదప ఒంటరిగ నిలిచి, తేడా తీసికొని వారమున కొకమారు వ్రాసియుంచిన చాలును. వైద్యులు 1997లో డొరొతీ లాఫ్లామ్ రూపొందించిన తొమ్మిది మెట్ల కొలమానమును వాడుదురు. దూరమునుండియే ప్రక్కటెముకలు, వెన్నుపూసలు, తుంటియెముకలు లెక్కింపవచ్చునట్లున్నచో అది ఒకటవ మెట్టు. చేయి పెట్టి తడవినప్పుడు పలుచని పొర క్రింద ఎముకలు తగులుచు, పైనుండి చూచినప్పుడు నడుము కనబడినచో నాలుగో అయిదో. అచటనే ఆగవలెను. పోయిన బరువు వచ్చునప్పుడు కొవ్వు ముందు వచ్చును, కండ వెనుక వచ్చును. మిన్నెసోటా యువకుల విషయముననే ఇది ఋజువైనది. కావున బొద్దుగ కనబడుచున్న కుక్క బలపడినదని తలపక, ప్రతిదినమును మెల్లని నడకతో కండను పెంచవలెను. పాత వెండ్రుక రాలి క్రొత్తది మెఱయుటకు నెలలు పట్టును.

ఇంతటి దుస్థితి ఏల కలుగుచున్నదని విచారించినచో, వీథికుక్కలకంటె పెంపుడుకుక్కల కథ నన్నెక్కువ కలచును. వేలు పోసి కొన్న జాతికుక్కను, ఇల్లు మారుచునో, జబ్బు చేసినదనియో, ఊరి వెలుపల దింపి పోవువారున్నారు. తలుపు తాళము వేసి పోవువారున్నారు. చెత్తకుప్పలో తిండి వెదకుకొనుట తెలియని ఆ ప్రాణి వీథిలో పుట్టినదానికంటె త్వరగ క్రుంగును. 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌను విధించినప్పుడు హోటళ్లు మూతపడి వీథికుక్కలు అల్లాడగా, వానికి తిండి పెట్టువారిని అడ్డగింపవలదని జంతుసంక్షేమమండలి తెలుపవలసివచ్చినది. ఆ మండలి 1962లో ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలు రుక్మిణీదేవి అరండేల్. రాజ్యసభలో ఆమె చేసిన పోరాటఫలమే 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము. తన జంతువునకు చాలినంత తిండి, నీరు, నీడ ఈయకపోవుటయు, నిష్కారణముగ దానిని విడిచిపెట్టుటయు ఆ చట్టపు 11వ సెక్షను క్రింద నేరములు. శిక్ష యేమనగా, తొలి నేరమునకు పది రూపాయలు మొదలు ఏబది రూపాయల వఱకు జరిమానా! అఱువది యేండ్ల క్రిందట ఏబది రూపాయలకు విలువ యుండెను. నేడు అది ఆ కుక్క ఒకపూట తిండికి చాలదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు న్యూఅర్క్ నగరమున 2011 మార్చిలో, అస్థిమాత్రావశిష్టమైన కుక్క నొకదానిని సంచిలో కట్టి అంతస్తుల భవనపు చెత్తగొట్టములో పడవేయగా, అది బ్రదికి, పాట్రిక్ అను పేరుతో పెంపుడింట చేరినది. 2013లో ఆ రాష్ట్రము దాని పేరుమీదనే జంతుహింసకు శిక్షలను పెంచెను. మన భారతకథ ఆరంభములోనే, ఏ తప్పును చేయని సరమ బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టగా, ఆ తల్లికుక్క రాజసన్నిధికి వచ్చి నిలదీసి యడిగినది. అట్టి కథతో ఇతిహాసమును వినుట మొదలిడిన జాతి తన చట్టములోని ఆ జరిమానా అంకెను మార్చుకొనుటకు ఇంకను జాగు చేయరాదు.

కోలుకొన్న కుక్కను మఱియొక యింటికి పంపుట ఈ సేవలో చివరి భాగము. వీథిలో బ్రదుకనేర్చిన కుక్కయైనచో, 2023 నాటి నియమములు చెప్పినట్లు ఆపరేషనును, రేబిస్ టీకాయును చేయించి, తెచ్చినచోటనే విడుచుట యుచితము. ఆ చోట కడుపు నింపువారెవరైన యున్నారా యని ముందు చూచుకొనవలెను. ఇంటిలోనే బ్రదుకదగినదైనచో దత్తత యీయవలెను. పెంచినవారికి అప్పుడు కలుగు బాధ కాదనలేనిది. ఐనను ఇంటికొక్క గదియే యున్నప్పుడు, అది నిండియున్నంతకాలము మఱియొక కుక్కకు తావుండదు. క్రొత్త యింటివారికి కుక్కతోపాటు దాని వైద్యపత్రములను, టీకాల పుస్తకమును, వారము వారము బరువు వ్రాసిన కాగితమును, అలవాటుపడిన ఆహారమును కొలది దినములకు సరిపడునంతయు ఈయవలెను. క్రొత్తచోట మొదటి వారమున అది మఱల గుర్రుమనవచ్చును, ముక్కలను దాచవచ్చును, మితిమీరి తినజూడవచ్చును. దానిని దండింపక కొలతను తప్పకుండుడని వారికి చెప్పిరావలెను. తరువాత గదిని శుభ్రపఱచుకొనవలెను. పార్వోక్రిమి నేలమీద నెలల తరబడి బ్రదికియుండును. సబ్బునీటికి అది చావదు. మురికిని ముందు కడిగివేసి, ఒక పాలు బ్లీచుద్రావణమునకు ముప్పది పాళ్లు నీరు కలిపి, గచ్చును గిన్నెలను తడిపి, పది నిమిషములు ఆరకుండ నుంచి కడిగిన పిమ్మటనే మఱియొక కుక్కను తీసికొనిరావచ్చును.